గుండెకు కట్టుకునే సంచి

కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కేటప్పటికి ఐదు నెలల పాప నా గుండెకు కట్టి ఉంది. 1988లో అదొక వింత. బొంబాయి నుంచి తెప్పించిన ఆ సంచికి ఆరు బకిల్సు. ఎలా వాడాలో ఇంగ్లీషులో చదివి మరీ బిగించాను. పాప మాత్రం దారంతా ఒకటే ఏడుపు.

గరిడేపల్లిలో చంకలో కోడితో ఎక్కి పక్కన కూర్చున్న ముసలామెతో, "మా పాప కాస్త మొండిదమ్మా" అన్నాను, తప్పు నాది కాదన్నట్టు.

"జర ఇటియ్యి కొడుకా, పిల్లకు గాలాడతలేదు" అంటూ ఆమె పాత చీరతో బస్సు పైకడ్డీకి ఊయల కట్టింది. నేను చెమటలు కక్కుతూ ఆరు బకిల్సూ విప్పి పాపను ఇచ్చాను. ఊయల్లో వేయగానే నిద్రపోయింది.

"సంచి ఖాళీగనే ఉన్నది గద" అని ఆమె తన కోడిని అందులో పెట్టి బకిల్సు బిగించింది. కోడి బస్సు దద్దరిల్లేలా అరిచింది.

ఆమె నావైపు తిరిగింది. "గిప్పుడు చెప్పు కొడుకా, కోడి గూడ మొండిదేనా?"