కళ్ళకద్దుకున్న బంతి

ఊరి జనమంతా చూస్తుండగా, చేతిలో ఉన్న బంతిని ఎదుటివాడు లాక్కుపోతుంటే కళ్ళు మూసుకుని భక్తిగా నిలబడిన మొనగాణ్ణి నేను. అదీ ఒకసారి కాదు. నవ్వదలిస్తే ఇప్పుడే నవ్వేయండి. జాలి మాత్రం వద్దు, నాకు గిట్టదు. ఆనాటి నా ఘనకార్యానికి నేను అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. సరే, కొంచెం పడ్డాను. అది చివర్లో చెప్తాను.

అప్పట్లో మా కే.జీ.కండిగై ఆంధ్రలో ఉండేది, తిరువళ్ళూరేమో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నేను ఆంధ్రలో తిని, మద్రాసులో ఆడేవాణ్ణి. ఇరవై ఏళ్ళు, ఆరడుగుల మూడంగుళాలు. మా ఇంట్లో ప్రతి గుమ్మానికీ నా నుదురు పరిచయమే. తిరుత్తణి దాకా సైకిలు తొక్కి, అక్కడ రైలెక్కి, అరక్కోణంలో బండి మారి, తిరువళ్ళూరు మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడి వచ్చేవాణ్ణి. ఆ ఆట పేరెత్తితే మా నాయనకు ఒళ్ళు మండేది.

"తట్టలో బంతి ఎయ్యను రైలెక్కి పోవల్నా? మనింట్లో తట్టల్లేవా? చెనక్కాయలు ఏరి తట్టలో ఎయ్యి, పుణ్యముంటాది!"

అలాంటి రోజుల్లో మా జట్టు కెప్టెన్ దేవరాజన్న ఒక కబురు తెచ్చాడు. యుగోస్లావియా దేశంలోని క్రొయేషియా నుంచి యోసిప్ అనే పెద్ద ఆటగాడు మద్రాసు వచ్చాడట. అక్కడ శిబిరం పెట్టి ఆట నేర్పుతాడట. అందుకోసం ఊరూరా తిరిగి, తానే ఆడి చూసి, కుర్రాళ్ళను ఎంచుకుంటున్నాడట. విజయదశమి నాడు తిరువళ్ళూరు వచ్చి, అరక్కోణం జట్టు తరపున మా మీద ఆడతాడట.

నాయన వెంటనే పందెం కట్టాడు. "ఆ దొర నిన్ను ఎంచుకుంటే పో, నేను అడ్డం రాను. ఎంచుకోకపోతే ఆ పొట్టినిక్కరు ఎద్దుల కొట్టంలో తగిలిచ్చి మడక పట్టి దున్నల్ల. సరేనా?"

"సరే. నన్ను కాక ఇంకెవర్ని ఎంచుకుంటాడు?" అన్నాను. ఆ వయసులో నోటికి కళ్ళెం ఉండదు కదా.

జట్టు మొత్తానికి ఉన్నది ఒకటే తోలుబంతి. దాని కుట్లు, గాలి చూసుకోవడం నా పని కాబట్టి అది మా ఇంట్లోనే ఉండేది. ఆటకు ముందురోజు ఆయుధపూజ. అమ్మ మడకకూ కొడవళ్ళకూ ఆయిల్ ఇంజనుకూ బొట్లు పెడుతుంటే, నేను బంతిని తెచ్చి వాటి పక్కన కూర్చోబెట్టాను.

"ఇదేందిరా?"

"నా పనిముట్టమ్మా. నాయనకి మడక, నాకు ఇది."

అమ్మ నవ్వి, దానికీ గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. మర్నాడు పొద్దున నా చేతికిస్తూ, "పూజలో కూర్చున్న వస్తువు. కాలు తగిల్తే కండ్లకద్దుకో. మర్చిపోవద్దు నాయినా" అంది. మర్చిపోలేదండీ. నా పుట్టి ముంచింది అదే.

పందెం తేల్చుకోవడానికి నాయన కూడా వచ్చాడు. నాకంటే జానెడు పొడుగున్న యోసిప్‌ను ఎగాదిగా చూసి, "ఏం పని చేస్తాడంట దేవరాజూ ఈయన?" అని అడిగాడు. దేవరాజన్న ఇంగ్లీషులో అడిగి, విని, మా భాషలో చెప్పాడు.

"ఇదే పని మామా! చిన్నప్పుడు వాళ్ళ ఊరు యుద్ధంలో కూలిపోయిందంట. పీపాయికుండే ఇనప కట్టుని గోడకి కొట్టుకోని, సముద్రం పక్కన రాళ్ళ మీద ఆడి నేర్చుకున్నాడంట. అట్లే దేశం తరపున ఆడినాడు. ఇప్పుడు ఇటలీలో ఒక జట్టు జీతమిచ్చి ఆడిస్తా ఉంది."

"బంతి ఎగరేసేదానికి జీతమా?" నాయన కళ్ళు పెద్దవయ్యాయి. "దెబ్బ తగిల్తే?"

"మోకాలు ఇరిగి ఏడాది మంచంలో ఉన్నాడంట. మళ్ళా లేసి ఆడినాడంట."

నాయన నావైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. ఆయన తిట్టినన్నాళ్ళూ నాకు భయం వేయలేదు. ఆ ఆశ చూశాక వేసింది.

ఆట మొదలైంది. మొదట్లో నన్ను ఆపేవాడు లేడు. వచ్చిన బంతి వచ్చినట్టు రింగులో వేశాను. యోసిప్ కూడా మెచ్చుకుంటూ తల ఊపాడు. అంతలో బంతి నేలను కొట్టి నా పాదం మీద పడింది. చటుక్కున రెండు చేతులా అందుకుని, ఆగి, కళ్ళు మూసుకుని, కుడి కంటికోసారి, ఎడమ కంటికోసారి అద్దుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నా చేతుల్లో గాలి ఉంది. అవతల యోసిప్ రింగులో బంతి వేసి వస్తున్నాడు.

"ఏందిరా అది?" అని అరిచాడు దేవరాజన్న.

"కాలు తగిలిందన్నా!"

జీతం తీసుకునేవాడు ఊరికే తీసుకోడు. యోసిప్ నన్ను ఒక్కసారి పరీక్షగా చూశాడు. ఆ తరవాత పనిగట్టుకుని బంతిని నా పాదాల మీదికే కొట్టడం మొదలుపెట్టాడు. తగలగానే నేను అద్దుకోవడం, అతను లాక్కోవడం. ఇలా ఇంకో రెండుసార్లు.

"కండ్లు తెరవరా! ఇది ఆటరా, గుడి కాదు!" దేవరాజన్న గొంతు చించుకున్నాడు.

జనంలోంచి మా నాయన లేచాడు. "నువ్వు సుమ్మా ఊరుకో దేవరాజూ! రేయ్, నువ్వు అద్దుకోరా! ఆట పోతే పోనీ!"

"మామా, ఓడిపోతాం మామా!"

"ఓడిపోతే ఓడిపోండి! పూజ చేసిన వస్తువుని తన్నిపొమ్మంటావా?"

వాళ్ళిద్దరి తగువే ఆటకంటే రంజుగా ఉందని సగం జనం అటు తిరిగారు.

చివరి నిమిషానికి మేం ఒక్క పాయింటు వెనకబడ్డాం. బంతి నా చేతికొచ్చింది. ఈసారి కాలికి తగిలినా సరే, అద్దుకునేది లేదు, ఆట అయ్యాక వెయ్యిసార్లు దండం పెట్టుకుందాం అని పళ్ళు బిగించి ఉరికాను. రింగు ముందుంది. ఎగరబోతుండగా అడ్డం వచ్చిన యోసిప్ కాలికి నా కాలు గట్టిగా తగిలింది. విజిల్ మోగలేదు.

బంతికి తగిలితేనే తప్పయినప్పుడు, ఇంటికొచ్చిన అతిథికి తగిలితే? నేను బంతిని కింద పడేసి, రెండు చేతులా అతని భుజం తాకి, కళ్ళు మూసుకుని అద్దుకున్నాను. అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం నా ముందున్న బంతి తీసుకుని పోయి అవతలి రింగులో వేశాడు.

ఆట అయ్యాక యోసిప్ నా దగ్గరికి వచ్చి చెప్పిన మాటలు దేవరాజన్న ముఖం మాడ్చుకుని వినిపించాడు. "ఇన్నేండ్లలో ఈయన్ని తన్నినోళ్ళు శానామందంట. తన్ని దండం పెట్టినోడివి నువ్వొకడివేనంట. మంచోడివంట. అయితే శిబిరానికి వద్దంట."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఆయన పద్ధతి ఆయన ఊర్లో పెట్టుకోమను. మేము ఇట్లనే ఆడతాము. అద్దుకునేది మాననని చెప్పన్నా!"

దేవరాజన్న చెప్పాడు. యోసిప్ నవ్వాడు, ఏదో అన్నాడు. దేవరాజన్న కూడా నవ్వేశాడు.

"మానొద్దంట. మరి కండ్లెందుకు మూస్తావని అడగతా ఉన్నాడు."

తిరుగు రైల్లో కిటికీవైపు తిరిగి ఏడ్చాను. ముందే చెప్పిన సిగ్గు ఇదే. తిరువాలంగాడు దాటాక నాయన గొంతు సవరించుకున్నాడు.

"పందెం పందెమే. రేపట్నించి మడక పట్టు."

"సరే నాయనా."

"పొద్దన పట్టు. సాయంత్రం పోయి ఆడుకో. ఆ దొర పీపాయి కట్టుతో నేర్చుకున్నాడంటనే, నీకు అంత మంచి రింగుండాదే."

ఆ రైల్లోనే నేను తిరుత్తణి కొండవైపు తిరిగి చేతులెత్తి ఒట్టు పెట్టుకున్నాను. పూజ చేసిన బంతికి నా కాలు తగిలితే తప్పకుండా కళ్ళకద్దుకుంటాను, ఎవడు అరిచినా మానను. కానీ స్వామీ, నా ఊపిరున్నంతవరకు కళ్ళు మాత్రం మూయను.