కంటికి చేరని కొవ్వు

పొద్దు గూకితే చాలు, నా కొడుకు కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని తొక్కుకుంటూ పోయేవాడు. "ఒరేయ్, కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అని తిట్టేదాన్ని. వాళ్ళ నాన్న పోయాక పొగరెక్కిందనుకున్నాను. చివరికి ఒక సాయంత్రం ట్రాక్టరు తీసుకెళ్ళి కాలవ కట్టకు గుద్దాడు. చీకటి పడితే ఏమీ కనబడటం లేదని అప్పుడు చెప్పాడు.

గుంటూరులో కళ్ళ డాక్టరమ్మ మా ఇద్దరి రక్తం తీయించింది. రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో కంటికి కనబడని మిషను లాంటిది ఒకటి ఉంటుందట. అది ప్రోటీనుకు కాస్త కొవ్వు అంటిస్తుందట. అంటితేనే ఆ ప్రోటీను తన చోటికి చేరుతుందట. ఆ మిషనులో ఒక భాగాన్ని తయారుచేసే జీన్ వీడిలో చెడిపోయింది. అందుకే కంటి లోపలి పొర కొద్దికొద్దిగా పాడైపోతోంది.

కొవ్వే కదా అనుకుని ఇంటికొచ్చి గేదె నెయ్యి పోయడం మొదలుపెట్టాను. "అమ్మా, అన్నం పెడతన్నావా, నన్ను వేయిస్తన్నావా?" అనేవాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వింది. తిన్న నెయ్యి అక్కడికి పోదంది. నవ్వు ఆపి, "మీకు కూతుళ్ళున్నారా?" అని అడిగింది.

ఆ జీన్ నా నుంచే వచ్చిందట. ఆడవాళ్ళలో చాలావరకు అణిగి ఉండి, కొడుకుల్లో బయటపడుతుందట. నా కూతురికి వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. రక్తం చూస్తేనే తెలుస్తుందట.

నా కూతురు మాచర్లలో, కడుపుతో ఉంది. చెబితే అత్తగారింట్లో ఏమంటారో, చెప్పకపోతే రేపు పుట్టేవాడు నన్నేమంటాడో. ఫోను తీయడం, మళ్ళీ పెట్టేయడం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు.

సీమంతం నాడు మాచర్ల వెళ్ళినా, మొగుడు పోయినదాన్ని కదా, గాజులు తొడిగే చోటికి పోకుండా వంటింట్లోనే ఉండిపోయాను. కూతురే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందమ్మా ఆ మొహం?"

ఉన్నదంతా చెప్పేశాను.

"నాకు చెప్పకుండా తమ్ముడికి నెయ్యి పోస్తా కూర్చున్నావా ఇన్నాళ్ళూ?"

"ఏంది, తల్లీకూతుళ్ళ గుసగుసలు?" అంటూ వియ్యపురాలు లోపలికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే కూతురు చెప్పేసింది.

"మా ఇంటా వంటా లేదే ఇట్టాంటిది!"

"అవునత్తయ్యా, మా అమ్మ వైపుది. నాకుందో లేదో చూపించుకుంటా."

ఆమె చేతిలోని కుంకుమ భరిణెకు మూత పెట్టేసింది. "వదినా, రక్తం పరగడుపున ఇయ్యాలా, తినొచ్చా?" అంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం గుంటూరు బస్సెక్కాం. రక్తం ఇచ్చి వచ్చాం. రిపోర్టు ఇంకా రాలేదు. ఫోను మోగితే భయమేస్తోంది. మోగకపోతే అంతకంటే ఎక్కువ.