ఏనుగు వీపు మీద గీత

ఇత్తడి పోత గురించి లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఆ పనిలోని భయం గురించి వాటిలో ఒక్క మాటా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నిన్న కొవ్వొత్తి ఆర్పినప్పుడు ఆ వాసనకు అంతా గుర్తొచ్చింది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది నాకు ఏడేళ్లు. మామ్మ మైనంతో ఏనుగును చేసి, చుట్టూ మట్టి మెత్తి, నిప్పుల మీద పెట్టింది. మట్టికి వదిలిన కన్నంలోంచి మైనం కారసాగింది. ఏనుగు చచ్చిపోతోందనుకుని చెంబెడు నీళ్లు పోసేశాను. మట్టి టప్పున పగిలింది.

"ఒసే గుంటా, ఏటి సేసినావే!"

"ఏనుగు కరిగిపోతంది మామ్మా!"

"కరగాలే! మైనం పోతేనే ఇత్తడికి సోటు. రేపే ఈ ఏనుగు కోసం సీపురుపల్లోళ్లు వస్తారు. మల్లీ సెయ్యడానికి మైనం నేదు."

కొలిమి తిత్తి ఊదుతున్న అప్పన్న బావ, "ఏనుక్కి తానం సేయించినావేటే?" అన్నాడు.

మామ్మ పగులులో తడిమట్టి కూరి, మళ్లీ కాల్చి, కరిగిన ఇత్తడి పోసింది. ముగ్గురం ఆ పగులు వైపే చూశాం. ఇత్తడి బయటికి కారలేదు. చల్లారాక మట్టి కొట్టేస్తే, పగులు ఉన్నచోట ఏనుగు వీపు మీద సన్నని గీత లేచి ఉంది. అరగదీయమని ఏడుస్తూ ఆకురాయి అందించాను.

"ఉండనీయే. నువ్వూ సెయ్యేసినావు కదా," అంది మామ్మ.

వేడి తగ్గకుండా తిత్తి ఊదిన అప్పన్న బావకు, ఆ గీతతోనే ఏనుగును తీసుకెళ్లిన చీపురుపల్లి పైడమ్మ గారికి, నన్ను కొట్టని మా మామ్మ సూరమ్మకు కృతజ్ఞతలు.