చిమ్నీ బాగుపడిన పూట

సూళ్లూరుపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింట్లో చిమ్నీ పెట్టించాను. అది గోలకే గానీ పనికి రాలేదు. మీట నొక్కితే రైలు వచ్చినంత మోత, పొగ మాత్రం ఎక్కడిదక్కడే. నా భార్యకి బడి ఉద్యోగం, వంట మా అమ్మది. అమ్మకి ఆ మోత అలవాటైపోయింది. నాకే ఒళ్ళు మండేది.

మా అమ్మాయికి పక్కనున్న తడ ఊరి సంబంధం కుదిరింది. వియ్యాలవారు మొదటిసారి భోజనానికి వస్తామన్నారు. నిశ్చితార్థం రోజునే వియ్యపురాలు, చేపల పులుసంటే మా తడదే అని నవ్వుతూ ఒక మాట అనేసి పోయింది. అమ్మ ఆ మాట కడుపులో పెట్టుకుంది. "రానీరా అబ్బయా, పులుసంటే ఏందో చూపిస్తా" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో పెళ్ళి మాట కన్నా పులుసు మాటే ఎక్కువైంది.

నా పట్టింపు వేరు. జిడ్డు గోడ వాళ్ళ కంట పడకూడదు. రంగు వేయించి, చిమ్నీ పని పట్టాను. జాలీలు ఊడదీసి సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెడితే నీళ్ళు తారులా అయ్యాయి. తోమీ తోమీ నా గోళ్ళు నల్లబడ్డాయి గానీ పొగ కదల్లేదు. చివరికి మెకానిక్ వచ్చి, బయటి గొట్టంలో చెయ్యి పెట్టి ఇంత గోరింక గూడు లాగినాడు. అదృష్టం, ఖాళీ గూడే. "ఇన్నేళ్ళూ పొగ పోయేదానికి దోవే లేదు సార్" అన్నాడు. మీట నొక్కి కాగితం పెడితే జాలీకి అతుక్కుపోయింది. నా ఆనందం అంతా ఇంతా కాదు.

మా వైపు పులుసు ముందురోజు కాచి మర్నాడు తింటారు. అతిథి కన్నా ముందు రుచి చూస్తే ఎంగిలని అమ్మ వేలు కూడా పెట్టదు, మమ్మల్ని పెట్టనివ్వదు. ఉప్పు సగం ముందు వేసి, పొంగు వచ్చాక ఆవిరి వాసన పట్టి, తక్కువైతే ఇంకాస్త వేస్తుంది. ఏనాడూ లెక్క తప్పలేదు. వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం మాత్రం గిన్నె మీదికి వంగి, మళ్ళీ వంగి, "వాసనే రాలేదేందిరా? ఆపు దాన్ని" అంది.

"అదే కదమ్మా దీని గొప్ప!" అన్నాను. ఆపనిస్తేనా!

మర్నాడు వాళ్ళతో పాటే విస్తరి ముందు కూర్చున్నాను. మొదటి ముద్దకే తెలిసింది, వాసన అందక అమ్మ రెండో విడత వెయ్యనే లేదు, ఉప్పు సగమే పడింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. వియ్యంకుడు తల ఎత్తకుండా తిన్నాడు. వియ్యపురాలు మాత్రం రెండోసారి వేయించుకుని, మనస్ఫూర్తిగా, "అచ్చం మా ఇంట్లో మాదిరే ఉండాదమ్మా!" అంది.

అమ్మ ముఖం మాడిపోయింది. వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే గిన్నెలో వేలు ముంచి నాకింది. నాకు తిట్లు ఖాయమనుకుని నవ్వు బిగబట్టుకున్నాను. ఆమె తిట్టలేదు. పీట మీద కూలబడింది.

"ఇది వాళ్ళింట్లో మాదిరే ఉందంటే, మన బిడ్డ జన్మంతా ఈ చప్పిడి కూడు తినాలంట్రా?"

నా నవ్వు ఎటు పోయిందో తెలీదు. పొయ్యి వెలిగించడం కూడా సరిగ్గా రాని మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "ఏం గాదులే నానమ్మా, నేను నేర్చుకుంటా."

"ఇంకెన్నాళ్ళుంటావే నువ్వు ఈడ" అని అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది.