పసుపు రంగులో ఆగిపోయిన ఫోటో

కాగితం పసుపు రంగులో బయటికి రాగానే అక్క దాన్ని పట్టుకొని లాగింది. ప్రింటర్ లోపల చక్రాలు కిర్రుమన్నాయి. దాని చిన్న తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. కాగితం సగం ఆమె చేతిలో, సగం యంత్రం లోపల ఉంది. దాని మీద ఆమె కొడుకు ముఖం. చొక్కా, చేతులు, కళ్లు, అన్నీ పసుపు.

"గిట్లనే ఉండె," అంది అక్క. "పోయేటప్పుడు గిట్లనే ఉండె తమ్మీ. కండ్లు సుత గిట్లనే."

ఆమె ఏడవలేదు, అరవలేదు. అందుకే నేను ఎక్కువ భయపడ్డాను. యంత్రాన్ని ఎలాగైనా ఆపాలన్న తొందరలో దాని ముందున్న మెమరీ కార్డును బయటికి గుంజేశాను.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. తూంకుంటలో మా వెనక గల్లీలో ఉండేది. నన్ను తమ్మీ అని పిలిచేది కాబట్టి ఆమె పిల్లలకు నేను మామనయ్యాను. కొడుకు శామీర్‌పేట వైపు ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్లయింది. తోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్న కాలం. నేను మేడ్చల్, శామీర్‌పేట వార్తలు ఒక దినపత్రికకు రాసేవాణ్ణి. తోటలు పోతున్నాయన్న వార్త కోసం వెళ్లినప్పుడు అతను తీగ కత్తిరిస్తూ కనిపించాడు. నా డిజిటల్ కెమెరాతో రెండు ఫోటోలు తీశాను. ఒకదాంట్లో కళ్లు మూసుకున్నాడు. రెండోదాంట్లో నవ్వుతున్నాడు.

నాకు కంప్యూటర్ లేదు. కార్డు తీసుకొని మేడ్చల్ బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తే, నేను చెప్పిన ఫోటోలు మాత్రమే పత్రికకు పంపేవారు. ఆ రోజు నేను చెప్పినవి తీగలు పాకించే రాతి కడీలు, నరికిన తీగలు. మనిషి ఫోటో పంపలేదు. అది కార్డులోనే ఉండిపోయింది.

తర్వాత కంప్యూటర్ అక్కర్లేని ఫోటో ప్రింటర్ కొన్నాను. చెప్పుల డబ్బా అంత ఉండేది. కార్డు పెట్టి, తెర మీద ఫోటో చూసి, మీట నొక్కితే చాలు. కాగితం నాలుగుసార్లు బయటికి వచ్చి లోపలికి పోయేది. మొదటిసారి పసుపు, రెండోసారి ఎరుపు, మూడోసారి నీలం, చివరికి తడి తగలకుండా ఒక పొర. అక్క కొడుకు ఒకరోజు వచ్చి, పక్కింటి పాప ఫోటో అలా వస్తూ పోతూ ఉంటే పడిపడి నవ్వాడు.

"ఏంది మామా, లోపట ఎవలన్న కూసోని రంగులేస్తుండ్రా?"

"నీది సుత ఉన్నది. తియ్యాల్నా?" అన్నాను.

"ఇప్పుడెందుకు? పెండ్లి సూపులకు తీద్దువు తియ్యి. గప్పటిదాంక జర తెల్లగైత."

మూడు నెలలు కాలేదు, అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. ముందు పసరు పోయించారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. నేను చూడటానికి వెళ్లినప్పుడు కళ్లలో తెలుపు లేదు.

పదకొండో రోజున దండ వేయడానికి ఫోటో కావాలి. ఇంట్లో ఉన్నది ఓటరు కార్డు మీది బొమ్మ ఒక్కటే. అందులో ఉన్నది అతనో ఇంకెవరో చెప్పలేం, ఒక మసి మరక. ముందురోజు పొద్దున అక్క, కూతురితో కలిసి మా ఇంటికి వచ్చింది.

"మామా, ఆ కార్డు ఇస్తే అల్వాల్‌ల స్టూడియోకు పోయి తీపిచ్చుకొస్త," అంది కూతురు. "ఆయన కంప్యూటర్‌ల ఎక్కిచ్చుకొని పెద్దగ చేసిస్తడట."

"ఇంట్ల మిషన్ పెట్టుకొని అల్వాల్ దాంక ఎందుకు బిడ్డా? జల్దీ అయితది, కూసోండ్రి," అన్నాను.

స్టూడియోలో ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటారు. అంటే ఇంకో నకలు మిగులుతుంది. ఆ ఆలోచన నాకు రాలేదు. పసుపు ముందు వస్తుందని ఆమెకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. పక్కింటి పాప ఫోటో తీసినప్పుడు ఎవరికీ చెప్పలేదు కదా, అలాగే మీట నొక్కాను.

అక్క లాగిన కాగితాన్ని మెల్లగా వదిలించాను. పసుపు ముఖం మీద ఒక చివర వేలెడు ఎర్ర పట్టీ అడ్డంగా పడింది. కార్డు మళ్లీ పెట్టాను. ఫోటోలు లేవని తెర చెప్పింది. తీసి కెమెరాలో పెట్టాను. కార్డును ఫార్మాట్ చేయమంటావా, ఉన్నదంతా పోతుంది, అని కెమెరా అడిగింది. వద్దని నొక్కాను.

"ఏమైంది మామా?" అంది కూతురు.

"ఫోటో కనిపిస్తలేదు."

ఆమె తల్లి వైపు తిరిగింది. "జరసేపు ఊకుండరాదే? నీ చెయ్యి ఊకుండదు. మిషన్‌ల చెయ్యి పెడ్తరా ఎవలన్న? ఒక్కటే ఉండె గద."

అక్క తన కుడిచేతిని చూసుకుంది. తర్వాత దాన్ని కొంగులో చుట్టుకుంది.

"నాకేం ఎరుక బిడ్డా. మామ గట్ల పసుపుగనే ఇస్తడేమో అనుకున్న."

కార్డు పక్కన పచ్చ దీపం మిణుకుమంటుండగా దాన్ని తీయకూడదని ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. కాగితం లాగితే కాగితం చెడుతుంది, కార్డు చెడదు. ఆ మాట అప్పుడే అక్కడే చెప్పాల్సింది. ప్రింటర్ వైరు పీకి చుట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి వాళ్లు లేచి వెళ్లిపోయారు.

పదకొండో రోజున ఫోటో ఉండాల్సిన చోట అతని చొక్కా మడతపెట్టి, దాని మీద దండ వేశారు. వచ్చినవాళ్లలో ఒకరు ఫోటో లేదా అని అడిగారు. "ఉండె. నేనే ఖరాబు జేసిన," అంది అక్క. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో విస్తరి ముందు కూర్చొని ఉన్నాను.

కార్డును మేడ్చల్ తీసుకుపోయాను. ఇంటర్నెట్ సెంటర్ ఆయన తన దగ్గర తెరుచుకోవడం లేదన్నాడు. పట్నంలో చెడిన కార్డులోంచి ఫోటోలు తీసేవాళ్లు ఉన్నారట. వస్తే అన్నీ వస్తాయి, లేకుంటే ఉన్నవి కూడా పోతాయి, ఆలోచించుకోమన్నాడు. నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆ నవ్వే ముఖం అందులో ఉందో లేదో నాకు తెలియదు. నేను కార్డు గుంజినందుకే ఫోటో పోయిందని ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.