గంట ముస్తాబు, పావుగంట నడక

పావుగంట నడకకు గంటసేపు ముస్తాబయ్యే మనిషి మా బావ. పెళ్లికొడుకైనా అంత ఆలస్యం చెయ్యడు. బావంటే మా ఆవిడకు అన్న. ప్రెస్సులో బైండరు. నేను అక్కడే ప్రూఫులు దిద్దుతాను. రెండేళ్ల కిందట నాకు షుగరు వచ్చింది. పది రోజులు తిరక్కుండా తనకూ వచ్చిందని ప్రకటించాడు. నాకంటూ ఒక జబ్బు కూడా మిగలనివ్వలేదని ఒళ్లు మండిపోయింది.

పొద్దున్నే ఆరింటికి వచ్చి తతంగమంతా మా హాల్లోనే జరిపేవాడు. అదీ గట్టిగా పైకి చెప్పుకుంటూ.

"బూట్లు దులపాలి. లోపల రాయుందేమో చూడాలి. పుండ్లేమైనా పడ్డాయేమో అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి."

"కాళ్లు నీవి బావా, నాకెందుకు చెప్తావు?"

"నీకు కాదు, కాళ్లకి చెప్తున్నా."

తర్వాత జేబులు. ఒకదాంట్లో గ్లూకోజు బిళ్లలు, ఇంకోదాంట్లో పేరు, జబ్బు, ఫోన్ నంబరు రాసిన అట్టముక్క. బైండరు కదా, దానికీ గుడ్డ అంచు వేశాడు. ఇక బయల్దేరతాడనుకుంటే చెల్లెలికి అప్పగింతలు. "చెల్లాయ్, పార్కుకి వెళ్తున్నాం. ఏడున్నరకి రాకపోతే ఫోన్ చెయ్యి." ఆ పార్కు మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది.

నా కడుపుమంటకు అసలు కారణం ఇవేవీ కావు, వేలు పొడుచుకుంటే మిషన్లో వచ్చే షుగరు నంబరు. ఆయనది రోజూ తొంభై పైచిలుకు. నాది రెండు వందలు దిగేది కాదు.

"వంద లోపుంటే ఏదైనా తిని నడవాలిగా అన్నయ్యా," అంటూ మా ఆవిడ ఆయనకు రెండు బిస్కెట్లిచ్చేది. ఒకే జబ్బుకు ఆయనకేమో బిస్కెట్లు, నాకేమో ఉపదేశాలు. కుళ్లుకోక ఏం చెయ్యను? అలాంటి అట్టముక్క నాకూ కావాలని పోట్లాడి చేయించుకున్నాను, బిళ్లలూ కొనుక్కున్నాను. ఆయన బూట్లకంటే మంచి బూట్లు కొన్నాను. అరికాళ్లు ఆయనకంటే రెండు నిమిషాలు ఎక్కువే చూసుకునేవాణ్ణి. నంబరు దగ్గరే ఓడిపోయేవాణ్ణి.

చివరికి ఒక ఎత్తు వేశాను. తలనొప్పని చెప్పి రాత్రి భోజనం ఎగ్గొట్టాను, మాత్ర మాత్రం వేసుకున్నాను. తెల్లారి లేచి ఇంకో మాత్ర వేసుకుని వేలు పొడుచుకుంటే డెబ్బై ఎనిమిది! ఆయన మా ఇంటికొచ్చేదాకా ఆగలేక, మంచినీళ్లయినా తాగకుండా, బిళ్లలైనా జేబులో వేసుకోకుండా ఆయనింటికి పరుగులాంటి నడక అందుకున్నాను.

మూడో వీధిలో కాళ్లు వణికాయి. చెమటలు పట్టాయి. షాపుల బోర్డుల మీద అక్షరాలు రెండేసి కనబడ్డాయి. ప్రాణం పోతుందేమోనని భయపడుతూ టైలరు షాపు మెట్ల మీద కూలబడ్డాను. మా ఇంటికి బయల్దేరిన బావ నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు.

"గెలిచాను బావా... డెబ్బై ఎనిమిది."

"గెలిచావులే, ముందు నోరు తెరువు."

బిళ్లలు నమిలించి, పావుగంట కదలనివ్వలేదు. మళ్లీ వేలు పొడిచి నంబరు చూసి, ఏదో తినిపించి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు.

"మాత్ర వేసుకుని, తిండి మానేసి, పైగా పరుగా?" అని డాక్టరు నన్ను ఉతికి ఆరేశాడు. తర్వాత బావ వైపు తిరిగాడు. "వేలి నిండా సూది గుర్తులున్నాయి. మీరేం మందులు వాడుతున్నారు?"

బావ నేలచూపులు చూశాడు. "నాకు షుగరు లేదండీ."

నేను కుర్చీలోంచి లేచాను. "రెండేళ్లనుంచీ వేళ్లెందుకు పొడుచుకుంటున్నావు మరి?"

"చెప్తే నువ్వు వినే రకమా బావా? చెల్లాయి ఏడ్చి పోరినా గ్లూకోజు బిళ్లలు జేబులో వేసుకోలేదు. అదే ఎదుటివాడి దగ్గరుంటే మాత్రం నీకూ కావాలి. అందుకని నేను తెచ్చుకున్నా. నా తొంభై నంబరు దగ్గరా పోటీకొస్తావని మాత్రం అనుకోలేదు. తప్పు నాదే. ఇవాళ్టితో మానేస్తాలే."

నాకు తిట్టాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. ఇంత మంచితనం నాకెందుకు రాలేదని, అందులోనూ కుళ్లే పుట్టింది.

"మానేస్తే ఊరుకోను," అన్నాను. "రేపు ఆరింటికల్లా రా. నువ్వు లేకపోతే నేనెవర్ని చూసి ఏడవాలి?"