అడిగినా ఇవ్వని కుండ

మొన్న మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, టాబ్లెట్‌లో మీ తాతయ్య గొంతు విందామని కూర్చున్నదాన్ని, నా వేలితో నేనే ఆ గొంతును చెరిపేసుకున్నాను. పిల్లలూ, ఇప్పుడంతా బాగానే ఉంది, కంగారు పడకండి; బాగుంది కాబట్టే ఇంత తీరిగ్గా చెబుతున్నాను.

పోయే ముందు రెండేళ్లు తాతయ్య రోజూ పొద్దున్నే, నాగపూరులో ఉన్నవాళ్లకీ బెంగళూరులో ఉన్నవాళ్లకీ, "ఏరా, లేచారా? ఇక్కడ మబ్బు పట్టింది, కాయలేమో కళ్లంలో ఉన్నాయి" అంటూ ఫోనులో మాటలు రికార్డు చేసి పంపేవారు కదా, వాటన్నిటినీ నా దగ్గరుంటున్న మీ అక్క పోగుచేసి, ఒకప్పుడు మనం పత్తి పోసుకున్న వెనక గదిలో, తన కంప్యూటర్లో దాచింది. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, కొత్త పని నేర్చుకోవడానికని ఆ గదిలో ఒక ల్యాబ్ పెట్టుకుందిలే. పెట్టె ఒకటే గానీ లోపల ఆరు కంప్యూటర్లున్నాయంటుంది. ఒకే ఇంట్లో ఆరు కాపురాలున్నట్టు, ఎవరి పొయ్యి వారిదే, ఎవరి తలుపు వారిదే. అందులో ఒక కాపురం తాతయ్య మాటలది, నా టాబ్లెట్‌లో వినపడేవి అక్కణ్ణుంచే.

ఆ పెట్టెకు ఏమన్నా అయితే ఆరూ పోతాయని, తెర పగిలి మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌ను దులిపి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఏదో అందులో ఎక్కించి, రెండు ఆదివారాలు దానితో కుస్తీ పట్టి, తీసుకెళ్లి ఒంగోలులో మీ మేనత్త ఇంట్లో పెట్టి వచ్చింది. రోజుకొక నకలు ఇక్కణ్ణుంచి అక్కడికి పోతుంది. పోయిన నకలును చూసుకోవచ్చు, మళ్లీ ఇక్కడికి దించుకోవచ్చు, కానీ ముప్పై రోజుల దాకా మార్చడానికీ చెరపడానికీ వీల్లేదు. దొంగ వచ్చి తాళంచెవులన్నీ పట్టుకుపోయినా, చివరికి తనే వెళ్లి అడిగినా, అది ఒప్పుకోదట.

ఆఖరి నెలల మాటల్లో తాతయ్యకు దగ్గు ఎక్కువ. అవి వినలేక, మొదటి దగ్గుకే ఆపేసేదాన్ని. పోయిన వారం మీ అక్కను పిలిచి, ఆ దగ్గువి ఇక్కడా అక్కడా లేకుండా తీసేయమన్నాను. "ఇక్కడంటే తీస్తాగానీ నాయనమ్మా, అక్కడ నావల్ల కాదు. నా మీద నాకే నమ్మకం లేకేగా అట్లా కట్టింది" అంది. "నువ్వు పెట్టిన సామాను నీ మాటే వినకపోతే ఇంక ఎందుకే అది?" అని మూతి ముడుచుకున్నాను, ఇక్కడివీ అలాగే ఉండిపోయాయి. అనేశాక ఎక్కడో విన్న మాటలా ఉందే అనిపించింది. అది మా అమ్మ మాట.

అద్దంకి దగ్గర మా ఊళ్లో, మా ఇళ్లలో, విత్తనపు మిరపకాయలను ఎవరింట్లో వాళ్లు ఉంచుకునేవారు కాదు. కోతల్లో నిగనిగలాడే కాయలు ఏరి, ఎండబెట్టి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, మా కుండను పిన్ని ఇంట్లో, పిన్ని కుండను మా ఇంట్లో పెట్టేవాళ్లు. పిన్నంటే మా చిన్నాన్న భార్య, అమ్మకు తోడికోడలు. కుండ మనింట్లోనే ఉంటే, కారం నిండుకున్న రోజున మన చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అందుకని నారు పోసే రోజు దాకా, కుండ కలవాళ్లు అడిగినా ఇవ్వకూడదని షరతు.

నాకు తొమ్మిదో పదో ఏడు. ఆ వేసవిలో వేళగాని వేళ వాన పడి, వాడకానికి ఆరబోసిన కాయలన్నీ తడిసి నల్లబడ్డాయి. ఆవకాయకని మామిడికాయలు కొట్టి, ఆవపిండీ నూనే సిద్ధం చేసుకున్న అమ్మ, కారానికి దారిలేక, నన్ను వెంటబెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లింది.

"మా కుండ ఇటియ్యవే, సగం తీసుకుని మళ్లీ మూతేస్తా."

"ఇయ్యనక్కా. నారు పోసేనాడు నేనే ఎత్తుకొచ్చి ఇస్తా."

"నా కుండ మీద నీ పెత్తనమేందే?"

"నువ్విచ్చిన పెత్తనమేగా! ఏడ్చి అడిగినా ఇయ్యొద్దన్నావు. నువ్వింకా ఏడవను కూడా లేదు."

అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు, అమ్మ నవ్వలేదు. నేను పెట్టిన సామాను నా మాటే వినకపోతే ఇంక ఎందుకది అని దారి పొడుగునా గొణుగుతూనే వచ్చింది. కొట్టిన ముక్కలకు ఉప్పు రాసి ఒరుగులు పెట్టింది. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ లేదు. నెల పైన, బావి దగ్గర పిన్ని ఎదురైతే బిందె చంక మార్చుకుని మొహం తిప్పుకునేది.

ఆరుద్ర కార్తెలో వానలు పడ్డాయి. ఆ పొద్దున పిన్ని, అన్నమాట ప్రకారం, మా కుండను చంకనెత్తుకుని వచ్చి గుమ్మంలో దించింది. మట్టి పగలగొడితే లోపల కాయలు ఎలా పోసినవి అలాగే ఉన్నాయి. కారం కోసం విత్తనం దంచుకున్న ఇళ్లవాళ్లు పొరుగూళ్ల వెంట తిరుగుతుంటే, మా నారుమడి పచ్చగా లేచింది. మొదటి కోతలో మొదటి తట్ట అమ్మ నా నెత్తికెత్తి పిన్ని ఇంటికి పంపింది. తప్పయిందని అమ్మ అనలేదు, అనమని పిన్నీ అడగలేదు. మర్నాటికి ఇద్దరి మాటలూ ఎక్కడ ఆగాయో అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

ఇంత తెలిసినదాన్నై ఉండి కూడా, మంగళవారం మీ అక్క ఆఫీసు మీటింగులో ఉండగా, దగ్గువి మాత్రం నేనే తీసేద్దామని వేలు పెట్టాను. ఎక్కడ నొక్కానో ఏమో, చెరపమంటారా అని తెర అడిగింది, దగ్గువే కదా అని సరేనన్నాను. చూస్తే ఒక్కటి మిగల్లేదు. లేచి వెళ్లి వెనక గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నా మొహం చూసి మీ అక్క చెవుల మీదివి తీసేసి, "ఏం నొక్కావే నాయనమ్మా?" అంది. మీటింగు వదిలేసి రెండు చేతులా టకటకా ఏదో కొట్టింది. నా కాఫీ పూర్తిగా చల్లారకముందే ఒంగోలు నుంచి నిన్నటి నకలు దిగింది. "ఏరా, లేచారా?" అన్న గొంతు వినపడగానే గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చాను.

వాటితోపాటు దగ్గువీ వచ్చాయి. ఈసారి ఆపలేదు. ఒకదాంట్లో చాలాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, "దగ్గు ఇంతుందని మీ నాయనమ్మకు చెప్పబాకండిరా, కంగారు పడుద్ది" అన్నారు. మీరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆయన మాట నిలబెట్టారు, మీ మీద కోపమేం లేదు నాకు.

ఇప్పుడు మిరప విత్తనం ప్యాకెట్లలో వస్తోంది, ఎవరి కుండా ఎవరింట్లోనూ లేదు. అప్పట్లో కాదన్నది ఒక మనిషి, మొహం తిప్పుకోవడానికైనా, తర్వాత తట్ట పంపి కలుపుకోవడానికైనా ఎదురుగా ఉండేది. ఇప్పుడు కాదన్నది తెర పగిలిన పెట్టె, దానికి నేనేం పంపను? మనసు ఊరుకోక మీ మేనత్తకు ఫోను చేసి, దుమ్ము పడకుండా దాని మీద నా పాత చీర ముక్క కప్పమన్నాను. వేడెక్కుతుంది, వద్దంటే వద్దంది మీ అక్క. ఈసారి మూతి ముడుచుకోలేదు.